చెవిలో చీము, ముక్కులో నీరు, మెదడు పొరలు

(నర్సింగ్ విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి హాజరైన ఆరోగ్య సభలో ఒక న్యూరాలజీ వైద్యుడి ప్రసంగం, అక్షర రూపంలో)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో నర్సింగ్ చదువుతున్న పిల్లలున్నారు, వెనక పెద్దవాళ్ళున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా ఒకే మాట చెప్పడం కష్టమే. మందుల మోతాదులు వచ్చినప్పుడు పెద్దలు కాస్త ఓపిక పట్టండి. ఊరి సంగతులు చెప్పేటప్పుడు పిల్లలు ఫోన్లు పక్కన పెట్టండి. (నవ్వులు)

మెదడుకీ వెన్నుపాముకీ చుట్టూ మూడు పొరలుంటాయి. లోపలి రెండూ తాటిముంజె మీద పొర ఉంటుందే, అంత పల్చన. ఆ రెండింటి మధ్య ఒక నీరు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ నీరు తేటగా ఉంటుంది, అందులో తెల్లకణాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. రక్తంలో ఉన్నన్ని యాంటీబాడీలు కూడా అక్కడ ఉండవు. కాబట్టి బాక్టీరియా ఒకసారి అక్కడికి చేరితే దాన్ని అడ్డుకునేవాళ్ళెవరూ లేరు. గంటగంటకీ పెరిగిపోతుంది. శరీరం ఆలస్యంగా మేలుకుంటుంది, మేలుకున్నాక ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మెదడుకి జరిగే నష్టంలో పెద్ద భాగం ఆ విరుచుకుపడటం వల్లే. దీన్నే మెనింజైటిస్ అంటాం. వైరస్‌తో రావచ్చు, క్షయతో రావచ్చు, ఫంగస్‌తో రావచ్చు. ఇవాళ నేను మాట్లాడేది బాక్టీరియాతో వచ్చే దాని గురించి మాత్రమే. అదీ ఇంటిదగ్గర మామూలుగా తిరుగుతున్న మనిషికి వచ్చేదాని గురించి. తలకి ఆపరేషన్ జరిగాక ఆస్పత్రిలో సోకేది వేరు, అక్కడ క్రిములూ వేరు, మందులూ వేరు.

ఈ జబ్బు గురించి నాకు బాగా నచ్చిన లెక్కలు నెదర్లాండ్స్ నుంచి వచ్చాయి. అంత దూరం ఎందుకంటే, అక్కడ ఏ ఆస్పత్రిలో వెన్ను నీటిలో, అంటే ఆ పొరల మధ్య నుంచి సూదితో తీసే నీటిలో, బాక్టీరియా దొరికినా చాలావరకు ఆ నమూనా ఆమ్‌స్టర్‌డామ్‌లోని జాతీయ కేంద్రానికి వెళ్తుంది. అందుకని ఒక పెద్ద ఆస్పత్రికి వచ్చిన కేసులు మాత్రమే కాకుండా దాదాపు దేశమంతటి కేసులూ కనపడతాయి. వాన్ డ బేక్, డి గాన్స్ అనే వైద్యులు, వాళ్ళ తోటివాళ్ళు 1998 అక్టోబరు నుంచి 2002 ఏప్రిల్ వరకు పెద్దవాళ్ళలో వచ్చిన 696 కేసులను వరసగా గమనించి 2004లో ప్రచురించారు. ఇరవై ఏళ్ళు దాటినా పాఠం చెప్పేటప్పుడు నేను దానికే వెళ్తాను.

అందులో 51 శాతం కేసులకి కారణం న్యుమోకోకస్ అనే బాక్టీరియా. 37 శాతానికి మెనింగోకోకస్ అనే ఇంకో బాక్టీరియా. మొత్తం మీద 21 శాతం మంది చనిపోయారు. కానీ ఈ 21 అన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. మెనింగోకోకస్ సోకినవాళ్ళలో చనిపోయింది 7 శాతం, న్యుమోకోకస్ సోకినవాళ్ళలో 30 శాతం. వయసు, స్పృహ, మిగతా లక్షణాలన్నీ లెక్కలోకి తీసుకుని సరిచేసి చూసినా, న్యుమోకోకస్ అయితే చెడు ఫలితం వచ్చే అవకాశం ఆరు రెట్లు ఎక్కువగానే తేలింది. పేపర్లలో, టీవీల్లో పేరు మోగేది మెనింగోకోకస్‌ది, ఎందుకంటే అది గుంపుగా వస్తుంది. ఢిల్లీలో 1966లో, 1985లో, 2005లో వచ్చింది అదే. మనుషుల్ని ఒక్కొక్కరిగా, చప్పుడు లేకుండా తీసుకెళ్ళేది మాత్రం న్యుమోకోకస్.

ఇప్పుడు లక్షణాల సంగతి. పిల్లలూ, మీ పుస్తకంలో మూడు లక్షణాలు రాసి ఉంటాయి: జ్వరం, మెడ బిగుసుకుపోవడం, స్పృహలో తేడా. పరీక్షలో రాయండి, మార్కులొస్తాయి. కానీ ఆ 696 కేసుల్లో ఈ మూడూ కలిసి కనిపించింది 44 శాతంలోనే. సగం కూడా లేదు. మూడూ కనపడేదాకా ఆగితే సగానికి పైగా రోగుల్ని వదిలేసినట్టే. అదే మూడింటికి తలనొప్పిని కూడా చేర్చి, నాలుగింటిలో కనీసం రెండు ఉన్నాయా అని అడిగితే 95 శాతం మందిలో ఉన్నాయి. వార్డులో గుర్తుపెట్టుకోవలసింది ఇదీ. జ్వరం వచ్చి, తలనొప్పితో కళ్ళు తెరవలేకపోతున్న మనిషి నిన్నటిదాకా చక్కగా మాట్లాడి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, మెడ మెత్తగా ఉందని ధైర్యపడకండి. కాళ్ళెత్తి, మోకాలు చాపి చూసే కెర్నిగ్ పరీక్ష ఉంది కదా, దాన్ని నేను దాదాపు నమ్మడం మానేశాను. అది ఉంటే అనుమానం బలపడుతుంది. లేకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు.

పసిపిల్లల్లో అయితే ఇవేవీ ఉండకపోవచ్చు. పాలు తాగడు, మత్తుగా ఉంటాడు, ఏడుపు గొంతు మారుతుంది, మాడు ఉబ్బుతుంది, ఫిట్స్ వస్తాయి. నెలలోపు బిడ్డకి జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా ఇంట్లో పెట్టుకుని చూడవలసిన పని లేదు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి. పసిపిల్లల సంగతి ఇంతవరకే చెప్తాను, అది పిల్లల డాక్టర్ల సబ్జెక్టు.

సరే, ఎవరికి వస్తుంది? పెద్దవాళ్ళు కాస్త ముందుకి జరిగి వినవలసింది ఇక్కడే. ఎవరికైనా రావచ్చు అంటే నిజమే, కానీ ఆ మాట వల్ల ఏం ఉపయోగం? డచ్ లెక్కల్లో, అంటే ఆ నెదర్లాండ్స్ లెక్కల్లో, నలుగురిలో ఒకరికి అప్పటికే చెవిలోనో, సైనస్‌లోనో ఇన్ఫెక్షన్ ఉంది. వందలో పన్నెండు మందికి నిమ్ము ఉంది. పదహారు మందికి ఏదో ఒక కారణం వల్ల రోగనిరోధక శక్తి తక్కువగా ఉంది. అంటే చాలామందికి జబ్బు వచ్చే దారి ముందే తెరిచి ఉంది, చూసినవాళ్ళు లేరు.

మన దగ్గర చెవి సంగతి ఎలా ఉంటుందో మీకు తెలుసు. చిన్నప్పటి నుంచి చీము కారుతుంటుంది. స్కూల్లో పక్కన కూర్చోనివ్వరు. ఇంట్లో వేడి నూనె పోస్తారు, దూది పెడతారు, పెద్దయ్యాక అదే తగ్గిపోతుందంటారు. చెవి పైకప్పుకీ మెదడుకీ మధ్య ఉన్న ఎముక ఎంత సన్నగా ఉంటుందో చూస్తే మీరు నూనె పోయడానికి భయపడతారు. ఏళ్ళ తరబడి లోపల కుళ్ళు ఉంటే ఆ ఎముక అరుగుతుంది. అలాంటివాళ్ళలో చీము వాసన వస్తుంటుంది, అప్పుడప్పుడూ కళ్ళు తిరుగుతుంటాయి. తర్వాత ఒకరోజు చలిజ్వరం, వాంతులు, తలనొప్పి. అప్పుడు నా దగ్గరికి వస్తారు. పది, పదిహేనేళ్ళ ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన మనిషి.

ముక్కు సంగతి ఇంకా చిత్రం. బైకు మీద నుంచి పడతాడు, హెల్మెట్ ఉండదు. స్కాన్‌లో పుర్రె అడుగున చిన్న చీలిక కనపడుతుంది, రెండు మూడు రోజులు ఉంచి పంపిస్తారు. మనిషి బాగానే ఉంటాడు. వంగినప్పుడల్లా ఒక ముక్కు రంధ్రం నుంచి మాత్రం నీళ్ళు కారుతుంటాయి. జలుబు అనుకుంటాడు. జలుబైతే రెండు ముక్కులూ కారతాయి, చిక్కబడుతుంది, వారం పది రోజులకి తగ్గుతుంది. ఇది ఒకవైపే కారుతుంది, నీళ్ళలాగే ఉంటుంది, నోట్లోకి జారితే ఉప్పగా ఉంటుంది, నెలల తరబడి ఆగదు. అది మెదడు చుట్టూ ఉండే నీరు. ఆ నీరు బయటికి వచ్చే దారిలోనే ముక్కులో ఉండే న్యుమోకోకస్ లోపలికి వెళ్తుంది. ఒకే మనిషికి రెండోసారి, మూడోసారి మెనింజైటిస్ వచ్చిందంటే నేను మొదట అడిగే ప్రశ్న, ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలిందా అని. ఆ చిల్లు వెతికి మూయించాలి. చాలావరకు ముక్కులో నుంచే ఎండోస్కోపుతో మూస్తున్నారు ఇప్పుడు. మూయకుండా ఎన్నిసార్లు యాంటీబయాటిక్ ఇచ్చినా మళ్ళీ రావచ్చు.

మూడోది ప్లీహం, స్ప్లీన్ అంటాం. న్యుమోకోకస్‌కి, మెనింగోకోకస్‌కి ఒంటిచుట్టూ జిగురు కవచం ఉంటుంది. ఆ కవచం ఉన్న క్రిముల్ని రక్తంలో నుంచి ఏరేసేది ముఖ్యంగా ఈ అవయవమే. యాక్సిడెంట్‌లో పగిలితే తీసేస్తారు. తలసీమియా పిల్లల్లో కొందరికి తీసేయవలసి వస్తుంది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళలో ఎవరూ తీయకుండానే చిన్నతనంలోనే ఎండిపోతుంది. మన్యంలో, ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలకి టీకాలు తప్పనిసరి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఆపరేషన్ చేసి స్ప్లీన్ తీశాక డిశ్చార్జి కాగితంలో కుట్లు ఎప్పుడు విప్పాలో రాస్తారు, టీకాల సంగతి రాయడం మర్చిపోతుంటారు. నర్సమ్మలూ, అది మీరు అడగండి. డాక్టరుకి కోపం వస్తే రానివ్వండి.

ఇవి కాక వయసు ఉంది, రోజూ తాగే అలవాటు ఉంది, షుగరు, హెచ్‌ఐవి, కీళ్ళకోసమో ఆయాసానికో దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్ మాత్రలు ఉన్నాయి. యాభై దాటినవాళ్ళలో, గర్భిణుల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో లిస్టీరియా అనే క్రిమిని కూడా తలుచుకోవాలి. మనం మామూలుగా మొదలుపెట్టే సెఫ్‌ట్రయాక్సోన్ దానిమీద పనిచేయదు, యాంపిసిలిన్ చేర్చాలి.

వచ్చాక ఎవరు బతుకుతారు, ఎవరు చెడతారు? డచ్ వైద్యులు దీన్ని చాలా జాగ్రత్తగా చూశారు. 34 శాతం మందికి ఫలితం చెడ్డది: కొందరు చనిపోయారు, కొందరు ఇంతకుముందులా బతకలేని స్థితిలో మిగిలారు. వయసు ఎక్కువ ఉండటం, వచ్చేసరికే స్పృహ తగ్గి ఉండటం, గుండె వేగంగా కొట్టుకోవడం, రక్తంలో కూడా క్రిమి దొరకడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, చెవి లేదా సైనస్ ఇన్ఫెక్షన్ ఉండటం, ఇవన్నీ చెడు సంకేతాలుగా తేలాయి. ఇవి ఊహించగలిగినవే. ఊహకి అందనివి రెండున్నాయి.

ఒంటిమీద ఎర్రటి మచ్చలు లేకపోవడం కూడా చెడు సంకేతమే అని తేలింది. విన్నవాళ్ళు తలకిందులుగా అర్థం చేసుకుంటారు. మచ్చలు మంచివని కాదు. మచ్చలు ఉన్నాయంటే ఎక్కువగా మెనింగోకోకస్, లేవంటే ఎక్కువగా న్యుమోకోకస్. అయితే ఒక మాట, నొక్కినా రంగు పోని మచ్చలు గంటగంటకీ పెరుగుతున్నాయంటే అది మెనింగోకోకస్ రక్తంలో కూడా వ్యాపించిందని అర్థం, నిమిషాల మీద పరుగెత్తాలి.

రెండోది, వెన్ను నీటిలో తెల్లకణాలు తక్కువగా ఉండటం. రిపోర్టులో కణాలు వేలల్లో ఉంటే బంధువులు బెంబేలెత్తిపోతారు. నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది, నీటిలో బాక్టీరియా కిటకిటలాడుతూ కణాలు మాత్రం వందల్లోనే ఉన్న రిపోర్టు. శరీరం ఎదురు తిరగలేకపోతోందని దాని అర్థం. వెయ్యి లోపు అనగానే వైరస్ అయి ఉంటుందిలే అని తేల్చేయకండి.

ఇంతవరకు చెప్పినవాటిలో మనం మార్చలేనివే ఎక్కువ. వయసుని మార్చలేం, వచ్చిన క్రిమిని మార్చలేం. మార్చగలిగింది సమయం. కెనడాలో మాంట్రియల్ వైద్యులు 2005లో చూపించారు, ఆస్పత్రి గుమ్మం దాటాక మొదటి యాంటీబయాటిక్ పడటానికి ఆరు గంటలు దాటితే మరణానికి అవకాశం ఎనిమిది రెట్లకు పైగా పెరిగిందని. ఆలస్యం ఎక్కడ జరిగిందో కూడా చూశారు. ఒకటి, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి పంపడం. రెండు, ముందు సీటీ స్కాన్, తర్వాత వెన్ను నీరు, ఆ తర్వాతే మందు అన్న వరస. ఇది చదివినప్పుడు మాంట్రియల్ మన జిల్లా లాగే ఉందే అనిపించింది నాకు. ఇక్కడ ఇంకో మెట్టు కూడా ఉంది. ముందు ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు సూదులు, సెలైన్. ఆ సూదుల్లో ఏదో యాంటీబయాటిక్ ఉంటుంది, మెదడుకి చాలేంత ఉండదు, కానీ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరక్కుండా చేసేంత ఉంటుంది. తర్వాత అది బాక్టీరియానా, క్షయనా, వైరసా అని మేము తలలు పట్టుకుంటాం. క్షయ మెనింజైటిస్ అయితే మందులు నెలల తరబడి వాడాలి, ఆ తేడా చిన్నది కాదు.

అందరికీ ముందు స్కాన్ అక్కర్లేదు. ఫిట్స్ వచ్చినవాళ్ళు, ఒక చెయ్యి కాలు పడిపోయినవాళ్ళు, బాగా స్పృహ తప్పినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, వీళ్ళకి చేస్తాం. చేసినా మందు ఆపి కాదు. రక్తం కల్చర్‌కి తీసి, మందు వేసి, స్కాన్‌కి పంపాలి. స్కాన్ మెషీన్ దగ్గర లైన్లో కూర్చున్న సమయమంతా బాక్టీరియాది.

వెన్ను నీరు అనగానే ఇళ్ళల్లో ఒక భయం ఉంది, కాళ్ళు పడిపోతాయని. సంతకం పెట్టరు. మావయ్య రావాలి, బాబాయి రావాలి అంటారు. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము పైభాగంలోనే అయిపోతుంది. మేము సూది పెట్టేది అంతకంటే కింద, అక్కడ నీటిలో తేలే నరాలుంటాయి, అవి సూదికి పక్కకి జరుగుతాయి. ఒకటి రెండు రోజులు తలనొప్పి రావచ్చు, నిజమే. కాళ్ళు పడిపోయినవాళ్ళని ఎవరైనా చూశామన్నారంటే, ఆ కాళ్ళు పడింది చాలావరకు జబ్బు వల్ల, ఆలస్యం వల్ల.

ఇప్పుడు కాసేపు విద్యార్థుల కోసం. సెఫ్‌ట్రయాక్సోన్ పెద్దవాళ్ళకి 2 గ్రాములు, 12 గంటలకొకసారి. జ్వరానికి ఇచ్చే ఒక గ్రాము ఇక్కడ చాలదు. న్యుమోకోకస్ మొండిదై ఉండవచ్చన్న అనుమానం ఉంటే వాంకోమైసిన్ చేరుస్తాం. దాంతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. డి గాన్స్, వాన్ డ బేక్ 301 మంది మీద చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, మొదటి యాంటీబయాటిక్‌కి 15, 20 నిమిషాల ముందో దాంతోపాటో 10 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, నాలుగు రోజులు ఇచ్చారు. మరణాలు 15 శాతం నుంచి 7 శాతానికి దిగాయి. న్యుమోకోకస్ ఉన్నవాళ్ళలో 34 నుంచి 14కి. ఎందుకంటే యాంటీబయాటిక్ క్రిముల్ని పగలగొట్టగానే వాటి ముక్కలు ఒక్కసారిగా నీటిలో కలుస్తాయి, వాపు ఉవ్వెత్తున లేస్తుంది. స్టెరాయిడ్ అప్పటికే లోపల ఉంటే ఆ వాపు అదుపులో ఉంటుంది. ముందు ఇవ్వమనేది అందుకే, మర్నాడు రౌండ్స్‌లో గుర్తొచ్చి ఇస్తే ఆ లాభం రాదు.

కానీ అదే మందు ఆఫ్రికాలో మలావీలో పెద్దవాళ్ళకి ఇస్తే ఏ లాభమూ లేదు. 40 రోజులకి స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 56 శాతం, తీసుకోనివాళ్ళలో 53 శాతం చనిపోయారు. ఆ రోగుల్లో పదిలో తొమ్మిదిమందికి హెచ్‌ఐవి ఉంది, చాలామంది ఆలస్యంగా వచ్చారు. మోతాదు, పుస్తకం, డాక్టరు సరిగ్గా ఉన్నా రోగి ఏ స్థితిలో గుమ్మం దాటాడన్నది ఇంత తేడా తెస్తుంది. నా మాట మొత్తం ఇదే నిజానికి. ఐసీయూలో మేము చేసే గొప్ప పనులకంటే ముందు రోజు ఇంట్లో జరిగిన ఆలోచన ఫలితాన్ని ఎక్కువ నిర్ణయిస్తుంది.

నెదర్లాండ్స్‌లో తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 2002లో పిల్లలకి మెనింగోకోకస్ సి టీకా, 2006లో న్యుమోకోకస్ టీకా మొదలుపెట్టారు. 2006 నుంచి 2014 వరకు పెద్దవాళ్ళలో 1,412 కేసులు చూస్తే మరణాలు 17 శాతానికి తగ్గాయి. మెనింగోకోకస్ బాగా తగ్గింది, మొత్తం కేసుల్లో 72 శాతం న్యుమోకోకస్. చెడు ఫలితం మాత్రం 38 శాతం. బతికేవాళ్ళు పెరిగారు గానీ లోటుతో బతికేవాళ్ళూ పెరిగారు. వినికిడి పోవడం, ఫిట్స్, ఆలోచన నెమ్మదించడం. ఈ చివరిది స్కాన్‌లో కనపడదు. మనిషి నడుస్తాడు, తింటాడు, దుకాణంలో లెక్క మాత్రం ఇంతకుముందులా చేయలేడు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అంటారు.

మన దేశంలో మెనింజైటిస్ తెచ్చే ఇంకో బాక్టీరియా హిబ్‌కి టీకా ఐదు టీకాలు కలిసిన పెంటావాలెంట్‌లో ఉంది. న్యుమోకోకస్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021కి దేశమంతటా ఉచితంగా వచ్చింది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో. అంగన్‌వాడీ కార్డు తీసి ఇవాళే చూడండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.

ఒక పెద్దాయన: మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు. యూనివర్సిటీవాళ్ళు మెనింజైటిస్ టీకా అడిగారు. అది వేస్తే ఇక భయం లేదా?

భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు సార్. వాళ్ళు సాధారణంగా అడిగేది మెనింగోకోకస్‌లో ఎ, సి, వై, డబ్ల్యు రకాలకి. హాస్టళ్ళలో కుర్రాళ్ళు దగ్గరదగ్గరగా ఉంటారు కాబట్టి. హజ్‌కి వెళ్ళేవాళ్ళకీ ఈ టీకా తప్పనిసరి. బి రకానికి వేరే టీకా ఉంది. న్యుమోకోకస్‌కి వీటితో సంబంధం లేదు. మీ అబ్బాయికి చెవిలో చీము గానీ ఉందా?... లేదు కదా. అయితే వేయించి పంపండి.

ఒక విద్యార్థిని: సార్, మెనింజైటిస్ రోగిని చూసుకున్నవాళ్ళం మేమందరం మాత్రలు వేసుకోవాలా?

అందరూ కాదమ్మా. న్యుమోకోకస్ అయితే అక్కర్లేదు. మెనింగోకోకస్ అయితే ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు, రోగి నోటి స్రావాలు మీదపడ్డవాళ్ళు వేసుకోవాలి. గొంతులో గొట్టం వేసినవాళ్ళు, మాస్కు లేకుండా కఫం తీసినవాళ్ళు, అలాంటివాళ్ళు. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క మోతాదు గానీ, రెండు రోజులు రిఫాంపిసిన్ గానీ, ఒక్క సూది సెఫ్‌ట్రయాక్సోన్ గానీ. గర్భంతో ఉన్న నర్సుకైతే ఆ సూదే. మందులు పంచే చేతుల్ని వార్డంతా చుట్టుముడుతుంది ఆరోజు, ఎవరికి అవసరమో ఇన్‌చార్జి సిస్టర్ గట్టిగా చెప్పాలి.

వెనక నుంచి ఒక అమ్మ: మా మనవడికి రెండేళ్ళు. పోయిన నెల ఈ జ్వరమే వచ్చి తగ్గింది. ఇప్పుడు వెనక నుంచి పిలిస్తే తిరగట్లేదు. నీరసం అంటున్నారు.

నీరసం కాకపోవచ్చమ్మా. ఈ జబ్బు లోపలి చెవికి పాకుతుంది. తగ్గాక ఆ నత్తగుల్ల ఆకారపు భాగంలో ఎముక పెరగడం మొదలుపెడుతుంది, కొన్ని వారాల్లోనే మొదలు కావచ్చు. అది పూర్తిగా పూడుకుపోతే, వినపడేలా చేయడానికి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరం తీగ లోపలికి వెళ్ళదు. అసలు ఆస్పత్రి నుంచి పంపేలోపు, లేదంటే నాలుగు వారాల్లోపు వినికిడి పరీక్ష చేయించాలి. ఇప్పటికే నెలయింది అంటున్నారు. రేపు పొద్దున్నే పెద్దాస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకెళ్ళండి. బెరా పరీక్ష అని అడగండి, పిల్లాడు నిద్రపోతుండగా చేస్తారు. డిశ్చార్జి కాగితం మర్చిపోవద్దు, అందులో మెనింజైటిస్ అని రాసి ఉన్నచోట వేలుపెట్టి చూపించండి, లైన్లో వెనక్కి పంపరు. ఆరోగ్యశ్రీ కార్డు కూడా పట్టుకెళ్ళండి. మీరు సభ అయ్యాక వెళ్ళిపోకండి, నేనో చీటీ రాసిస్తాను.